నేను భరించాను కదా, తమ్ముడెందుకు భరించలేకపోతున్నాడు?

ఈసారి ఉత్తరం రాసింది ఒక అక్క. పుట్టింది పల్నాడు వైపు ఒక పల్లెటూళ్లో, ఉద్యోగం బెంగళూరులో. ఏడు పేజీలు రాశారు. ఊరి పేరూ కాలేజీ పేరూ నేను తీసేశాను. మిగతాది క్లుప్తంగా ఇదీ.

ఆమెకు 26 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్న నాలుగెకరాల్లో మిర్చి వేస్తారు, అందులో రెండెకరాలు కౌలు. తమ్ముడికి 16 నిండాయి. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "అక్క చదివిన చోటే తమ్ముడూ" అంటూ సీటు రాసుకుని వెళ్లాడు. విజయవాడ దగ్గర హాస్టల్ క్యాంపస్. ఎంపీసీ, ఐఐటీ బ్యాచ్. ఏడాదికి 1,60,000 రూపాయలు. అందులో లక్ష అక్క పర్సనల్ లోన్ తీసి కట్టింది.

జూన్‌లో చేరాడు. మొదటి రెండు నెలలు ఫోన్‌లో ఏడ్చాడు. ఆగస్టుకల్లా ఏడుపు ఆగిపోతే అలవాటు పడ్డాడని ఇంట్లోవాళ్లు సంతోషించారు. వీకెండ్ పరీక్షల్లో ర్యాంకు తగ్గి రెండుసార్లు కింది సెక్షన్‌కి మార్చారు. దసరా సెలవులకు వచ్చినప్పుడు వేళ్ల సందుల్లో గజ్జి. చేతి వాచీ మోచేతి దాకా జారుతోంది. జూన్‌లో అమ్మ కట్టి పంపిన గోంగూర పచ్చడి సీసా మూత కూడా తీయకుండా వెనక్కి తెచ్చాడు. తిరిగి వెళ్లిన మూడో వారంలో, తెల్లవారుజామున స్టడీ అవర్‌కి దిగాల్సినవాడు గోడ దూకాడు. రాత్రి దాకా విజయవాడ బస్టాండ్‌లో కూర్చుని, పక్కనున్న ఎవరి ఫోనో అడిగి అక్కకు చేశాడు. "ఇంటికెళ్తే నాన్న మళ్లీ తెచ్చి దింపేస్తాడు, నీ దగ్గరికి వచ్చేస్తా" అన్నాడు. ఆమె అక్కడే కూర్చోమని చెప్పి నాన్నను పంపింది. నాన్న తెల్లారేసరికి తీసుకెళ్లి కాలేజీలోనే దింపారు. మళ్లీ ఇలా జరిగితే కాలేజీకి సంబంధం లేదని క్యాంపస్ ఇన్‌చార్జ్ ఆయన చేత కాగితం రాయించుకున్నాడు. తమ్ముణ్ణి సెక్షన్ ముందు నిలబెట్టి "గోడ దూకిన హీరోగారు వీరే" అని పరిచయం చేశారు.

అప్పటి నుంచి ఆదివారం ఫోన్‌లో "బానే ఉన్నా" తప్ప ఇంకో మాట లేదు. పోయిన ఆదివారం మాత్రం పెట్టేసే ముందు అన్నాడు: "నేను లేకపోతే మీకు డబ్బులన్నా మిగిలేవి కదక్కా. నీ పెళ్లి కూడా అయిపోయేది."

ఆమె అడుగుతున్నది ఇది. "తీసుకొచ్చేస్తే ఏడాది పోతుంది, డబ్బు పోతుంది, నాన్న ఊళ్లో తలెత్తుకోలేరు. ఉంచేస్తే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేనూ అదే క్యాంపస్‌లో రెండేళ్లున్నాను. దుప్పటి కప్పుకుని ఏడ్చేదాన్ని గానీ పారిపోలేదు. నేను భరించాను కదా, వాడెందుకు భరించలేకపోతున్నాడు? నేనే గారాబం చేసి చెడగొట్టానని అమ్మ అంటోంది. ఏం చేయమంటారు?"

*

అమ్మా,

మీ ప్రశ్నకు కాసేపాగి వస్తాను. ముందు ఆ "నేను లేకపోతే" అన్న మాట సంగతి చూద్దాం. మీరు దాన్ని ఐదో పేజీలో, ఈఎంఐ లెక్కలకీ అమ్మ కోపానికీ మధ్య, ఏదో మాటవరసకు అన్నట్టు రాశారు. నిజానికి అది మీ ఉత్తరంలో మొదటి వాక్యం కావలసింది. వాడు అలిగి అన్నాడో, అలసిపోయి అన్నాడో, నిజంగానే ప్రాణం మీద ఆశ తగ్గి అన్నాడో బెంగళూరు నుంచి మీకూ తెలియదు, ఇక్కడి నుంచి నాకూ తెలియదు. తెలిసేదాకా అది మూడోదే అనుకుని నడుచుకోవాలి. కాబట్టి ఇది చదివిన రోజే సెలవు పెట్టండి. సంక్రాంతి దాకా చూద్దాం, ఈ నెలాఖరున చూద్దాం అనుకోవద్దు.

ఆదివారం ఫోన్‌ని నమ్ముకోకండి. ఆ ఫోన్ ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు. కేర్‌టేకర్ సెల్లు, వెనకాల ఇరవై మంది క్యూ, పక్కనే ఆయన నిలబడి వింటుంటాడు. ఆ క్యూలో నిలబడి ఏ మగపిల్లాడూ "బాగాలేను" అనడు.

వెళ్లాక విజిటర్స్ షెడ్డులోనో, ఇన్‌చార్జ్ గదిలోనో మాట్లాడించకండి. అవుట్‌పాస్ తీసుకుని బయటికి తీసుకురండి. ఇవ్వం అని వాళ్లంటే, డాక్టర్‌కి చూపించాలని చెప్పండి. ఒంటి మీద గజ్జి ఉంది కదా, అబద్ధమేమీ కాదు. ఏదైనా హోటల్లో కూర్చోబెట్టి టిఫిన్ చెప్పండి. తిననివ్వండి. చదువు మాట, ర్యాంకు మాట ఎత్తకండి. గోడ సంగతి అసలే వద్దు. కాస్త స్థిమితపడ్డాక సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దవాళ్లు భయపడతారు. పుట్టదు. ఉన్నదాన్ని బయటపెట్టడానికి వాడికొక దారి దొరుకుతుంది, అంతే. మానసిక వైద్యులు చెప్పేదీ ఇదే. అడిగాక మీరు మాట్లాడకండి. వాడు ఎంతసేపు తీసుకుంటే అంతసేపు కూర్చోండి.

అవునన్నా, ఏమీ అనకుండా తల దించుకున్నా, ఆ రాత్రి హాస్టల్‌కి పంపొద్దు. ఇన్‌చార్జ్ ఏమన్నా, నాన్న ఏమన్నా సరే. ఒంటరిగా వదలకండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)‌లో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడైనా, తెలిసిన ప్రైవేటు డాక్టర్ దగ్గరైనా చూపించండి. ఆలోపు 14416కి ఫోన్ చేయవచ్చు. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వాడే చేయాలని లేదు, ముందు మీరే చేసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు. ఇంకో సంగతి. మీది మిర్చి ఇల్లు. వాడు ఇంటికి వచ్చేలోపే తోటకు కొట్టే మందుల డబ్బాలన్నీ ఇంట్లోంచి తీయించి వేరేచోట తాళం వేయించండి. ఎందుకని నాన్న అడిగితే ఉన్నమాటే చెప్పండి. ఆయన కోప్పడినా పర్వాలేదు.

ఇక మీ ప్రశ్న. నేను భరించాను కదా అంటున్నారు.

మీ ఉత్తరంలోనే జవాబుంది, మీరు గమనించలేదు. రెండో పేజీలో నవ్వుతూ రాశారు: ఇప్పటికీ అలారం లేకుండా తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చేస్తుందని, ఆదివారం సాయంత్రమైతే కారణం లేకుండా కడుపులో తిప్పుతుందని, ఆఫీసులో మేనేజర్ "ఒకసారి రా" అంటే అరచేతులు చెమట పడతాయని. కాలేజీ వదిలి ఎనిమిదేళ్లయింది. అమ్మా, మీరు భరించారు, నిజమే. దాని వాయిదాలు ఇంకా కడుతున్నారు.

పైగా మీరిద్దరూ ఉన్నది ఒకే చోట అని మీరనుకుంటున్నారు. బిల్డింగ్ ఒకటే. మీరు చేరిన నాలుగో నెలకే పై సెక్షన్‌లోకి వెళ్లారు. అక్కడ మంచి లెక్చరర్లు వస్తారు, తప్పు చేసినా "నువ్వు చేయగలవమ్మా" అంటారు. పక్క మంచం మీద ఒక నేస్తం ఉండేదని, ఇద్దరూ ఒకే ప్లేటులో తినేవారని రాశారు. తమ్ముడు రెండుసార్లు కిందికి దిగాడు. దిగినప్పుడల్లా గది మారుతుంది, పక్క మంచం మారుతుంది, అప్పుడప్పుడే మాట కలిసిన స్నేహితుడు పై అంతస్తులో ఉండిపోతాడు. సోమవారం ర్యాంకు షీటు గోడకు అంటించగానే వాడు వెతుక్కోవడం కింది నుంచి మొదలుపెడతాడు. కింది సెక్షన్‌లో పాఠం తక్కువ, ఎర్రర్ లిస్టులు ఎక్కువ. తప్పు చేసిన ప్రతి లెక్కనూ పదేసిసార్లు రాయడమే రాత్రి పదిన్నర దాకా పని. మీరున్న కాలేజీ వాడు చూడనే లేదు.

నేనీ మాటలు బయట నిలబడి అనడం లేదు. ఇరవై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. అందులో నాలుగేళ్లు హాస్టల్ వార్డెన్‌గానూ ఉన్నాను. ఒక తండ్రి వచ్చి "మావాడు అన్నం తినడం లేదంటండీ, ఇంటికి తీసుకుపోతా" అంటే, "మొదట్లో అందరూ ఇలాగే చేస్తారు, మీరు ఫోన్లు తగ్గించండి, వాడే దారిలో పడతాడు" అని పంపించేశాను. ఆ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పది రోజుల తర్వాత ఆ పిల్లాడు మెస్‌లో కళ్లు తిరిగి పడిపోతే అప్పుడు చూశాం. కళ్లు పచ్చగా ఉన్నాయి. కామెర్లు. రోజూ అటెండెన్స్‌లో వాడి ముఖం చూస్తూనే ఉన్నాను. "హోమ్ సిక్" అని ఒకసారి పేరు పెట్టేశాక ఇంక నాకు వేరే ఏదీ కనపడలేదు.

అందుకే "వాడు మెత్తనివాడా, మొండివాడా" అన్న విచారణ ఇప్పుడు పెట్టుకోకండి. తిండి తగ్గింది, బరువు తగ్గింది, చర్మం పాడైంది, మాట పోయింది. పచ్చడి సీసా మూత తీయలేదంటే జూన్ నుంచి దసరా దాకా ఒక్కరోజు కూడా అన్నం మీద ఇష్టం పుట్టలేదన్నమాట. గారాబం వల్ల ఇవన్నీ రావు. అమ్మకు కావాలంటే నా మాటగా చెప్పండి.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన చోటు ఇంకొకటుంది. నాన్న ఇన్‌చార్జ్ గదిలోకి వెళ్లేటప్పుడు చెప్పులు గుమ్మం బయట విడిచి వెళ్లారని, తమ్ముడు కారిడార్‌లో నిలబడి ఆ చెప్పుల్నే చూస్తూ ఉండిపోయాడని రాశారు. మీరు దాన్ని దాటేసి ఫీజు లెక్కల్లోకి వెళ్లిపోయారు. వాడు దాటలేదు. లోపల ఎవరూ చెప్పులు విడవరు, అది గుడి కాదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారితో గొంతు పెంచి బేరమాడే మనిషి, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడి కాగితం మీద సంతకం పెట్టడం కొడుకు అద్దంలోంచి చూశాడు. దానికి కారణం తనే అనుకున్నాడు. సెక్షన్ ముందు జరిగిన అవమానం కంటే ఇదే వాణ్ణి ఎక్కువ కోస్తోందని నా అనుమానం. "నేను లేకపోతే" అన్న లెక్క అక్కడ మొదలై ఉంటుంది. లక్ష లోన్, నాన్న చెప్పులు, అక్క పెళ్లి అన్నీ వాడి ఖాతాలోనే రాసుకుంటున్నాడు. ఆ ఖాతా వాడిది కాదని ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. "నా పెళ్లి నేను వద్దనుకుని ఆపుకున్నా, నీ ఫీజు కోసం కాదు" అనేది నిజమైతే అలాగే చెప్పండి. నిజం కాకపోతే "లోన్ నేను తీసుకున్నా, తీర్చేది నేను, అందులో నీ పని లేదు" అనండి. పిల్లలు అబద్ధాన్ని పసిగడతారు.

మీ విషయంలోనూ ఒక ముడి ఉంది. బస్టాండ్ నుంచి వాడు ఫోన్ చేసింది మీకు, నాన్నకు కాదు. నాన్నను పంపొద్దనే చేశాడు. మీరు పంపారు. ఆ రాత్రి బెంగళూరులో ఉన్న మీకు ఇంకో దారి లేదు, బస్టాండ్‌లో ఒక్కణ్ణి వదిలేయలేరు కదా, ఆ మేరకు మీరు చేసింది సరైనదే. వాడికి మాత్రం అక్క పట్టించినట్టే అనిపించింది. ఆదివారం ఫోన్‌లో మాట ఆగిపోయింది ఆ తర్వాతే, మీరే తేదీలు చూసుకోండి. హోటల్లో కూర్చున్నప్పుడు ఇది మీరే ఎత్తండి. "ఆరోజు నువ్వు నన్ను నమ్మి చేశావు, నేను నాన్నకు అప్పగించాను. నాకు వేరే తోచలేదు. నన్ను క్షమించు" అని ఒక్క మాట. సంజాయిషీ పొడిగించొద్దు.

ఇప్పుడు దారుల గురించి. ఉంచడమా, తీసుకురావడమా అని మీరు రెండే చూస్తున్నారు.

అన్నిటికంటే ముందు పది, పదిహేను రోజులు ఇంటికి తీసుకురండి. ఇది నిర్ణయం కాదు, మెడికల్ లీవు. డాక్టర్ కాగితం తీసుకుని కాలేజీకి ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. అటెండెన్స్ పేచీ వస్తే అదే పనికొస్తుంది. ఈ రోజుల్లో వాణ్ణి నిద్రపోనివ్వండి. పొద్దున పదింటిదాకా లేవకపోతే అమ్మ గొణుగుతుంది, మీరు అడ్డం ఉండండి. గజ్జికి మందు రాసేటప్పుడు ఇంట్లో అందరూ రాసుకుని బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. కొంచెం తేరుకున్నాక, ఆ కాలేజీ గురించి వాడిచేత పూర్తిగా చెప్పించండి. కొట్టారా, ఎవరైనా ముట్టుకోకూడని విధంగా ముట్టుకున్నారా, సీనియర్లు ఏడిపిస్తున్నారా. ఇవి అడగందే బయటికి రావు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక కింద రాసినవన్నీ పక్కన పెట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని తమ సంరక్షణలో ఉంచుకున్నవాళ్లే హింసిస్తే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద, సెక్షన్ 75, అది నేరం.

అలాంటిదేమీ లేదు, వాడు కూడా "చదువుతా గానీ హాస్టల్లో ఉండలేను" అంటే, విజయవాడలో మీ బాబాయి ఇల్లుందని రాశారు కదా, అక్కడి నుంచి డే స్కాలర్‌గా పంపడం ఒక దారి. ఏడాది పోదు. ఫీజులో హాస్టల్ వాటా గురించి బేరమాడొచ్చు. రాత్రి ఇంటి అన్నం తిని పడుకుంటాడు. చిక్కు ఏమిటంటే, పగలు పది గంటలు అదే సెక్షన్, అదే ర్యాంకు షీటు, "హీరోగారూ" అన్న అదే గొంతు. సెక్షన్ మార్పించకుండా, ఆ మనిషి మరోసారి అలా మాట్లాడడని ప్రిన్సిపాల్ దగ్గర తేల్చుకోకుండా పంపితే ఊరికే ఊరటే తప్ప లాభం తక్కువ. పిన్నిగారికి ఇష్టమో కాదో కూడా విడిగా అడగండి. బాబాయి ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, వండి పెట్టేది ఆవిడ.

ఇంకో దారి, హాస్టల్ నుంచి మొత్తంగా తీసుకొచ్చేసి, మొదటి ఏడాది పరీక్షలు మాత్రం అక్కడి నుంచే రాయించడం. హాల్ టికెట్ ఆ కాలేజీ పేరు మీదే వస్తుంది. పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉంటాయి. ఇంటి దగ్గర చదువుకుని వెళ్లి రాసి రావచ్చు. కాలేజీలు సాధారణంగా దీనికి ఒప్పుకుంటాయి, వాళ్లకు ఫీజు వచ్చేసింది, ఒక మంచం ఖాళీ అవుతుంది. మార్కులు తగ్గితే మే నెల సప్లిమెంటరీతో పాటు ఇంప్రూవ్‌మెంట్ రాసుకునే వీలుంది. రెండో ఏడాదికి టీసీ తీసుకుని నరసరావుపేటలోనో గుంటూరులోనో ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీలో చేర్చొచ్చు. ఐఐటీ సంగతి పక్కకు పోతుంది, ఆ మాట దాచను. ఒక ఏడాది కోచింగ్ పోతే ఆ పరీక్షలో వెనకబడటం ఖాయం. ఇంజినీరింగ్ మాత్రం ఎక్కడికీ పోదు, మన రాష్ట్రాల్లో సీట్లకు కరువు లేదు. నన్నడిగితే, మీరు రాసినదాన్ని బట్టి, ఇది మిగతావాటికంటే కొంచెం మేలనిపిస్తోంది. కానీ నేను వాణ్ణి చూడలేదు.

మరొకటి మీరే ఉత్తరం మధ్యలో రాశారు. దసరాకు వచ్చినప్పుడు అంతా ముభావంగా ఉన్నవాడు, బోరు మోటారు స్టార్టర్ కాలిపోతే మాత్రం మూడు గంటలు పొలంలో కూర్చుని పెట్టె విప్పి, కాంటాక్టులు గరుకు కాగితంతో రుద్ది, నడిపించి వచ్చాడని. ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చే ఎనిమిది వందలు మిగిలాయని నాన్న సంబరపడ్డారని. పాలిటెక్నిక్ గురించి ఇంట్లో ఎవరైనా ఆలోచించారా? పదో తరగతి అర్హతతో పాలిసెట్ రాయొచ్చు. మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో సీటు. తోటివాళ్లకంటే ఒక ఏడాది ఆలస్యమవుతుంది, బంధువుల్లో "ఇంటర్ మానేసి డిప్లొమానా" అంటారు. అదీ లెక్కలతోనే నడుస్తుంది, మోటార్లు విప్పుకుంటూ కూర్చోవడం కాదని వాడికి ముందే తెలియాలి. ఈ మాట ఇప్పుడే ఎత్తకండి. అలసిపోయినవాడు బయటికి తీసుకెళ్లే ఏ తలుపు చూపించినా సరేనంటాడు. ఇంటికొచ్చి, తిని, పడుకుని, ఒకరోజు తనంతట తాను పొలానికి వెళ్లి వచ్చాక అడగండి.

చివరిది అక్కడే ఉంచడం. వాడే "వెళ్తాను, ఉంటాను" అంటే అదీ ఒక దారే, కొట్టేయను. అయితే అది నాన్న ముఖం చూసి అంటున్న మాట కాదని డాక్టర్‌కి కూడా అనిపించాలి. షరతులు కావాలి. గది మార్పు, వారానికి రెండుసార్లు పక్కన ఎవరూ లేకుండా ఫోన్, నెలకొకసారి ఇంటికి. ఇందులో ఒక్కటి కూడా వాళ్లు కాగితం మీద రాయరు, నోటితో ఒప్పుకుంటారు. నోటిమాట ఎన్ని వారాలు నిలుస్తుందో మీకు అనుభవమే.

ప్రిన్సిపాల్ దగ్గర మాట్లాడేటప్పుడు మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, స్థాయికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంతవరకూ మానుకోవాలి. టెలీ మానస్ నంబరు హాస్టల్లో, క్లాసుల్లో అందరికీ కనపడేలా ఉండాలి. మీరు గొడవ పెట్టుకోనక్కర్లేదు. "మీ కౌన్సెలర్‌ని ఒకసారి కలుస్తామండీ, పేరేమిటి?" అని మర్యాదగా అడగండి. జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఆ కాలేజీ ఎలాంటిదో దాన్ని బట్టి తెలిసిపోతుంది.

డబ్బు వెనక్కి వస్తుందా అని మూడుచోట్ల అడిగారు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్, మెస్ డబ్బులతో సహా పది రోజుల్లో తిరిగివ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మీ కాలేజీవాళ్లు "మాది కోచింగ్ సెంటర్ కాదు, జూనియర్ కాలేజీ" అంటారు, చూడండి. ఆ బోర్డు అవసరాన్ని బట్టి మారుతుంటుంది. రాతపూర్వకంగా అడగండి, రసీదులన్నీ దగ్గర పెట్టుకోండి, కాదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఎంతో కొంత రావచ్చు, రాకపోనూవచ్చు. పదో తరగతి మెమో వాళ్ల దగ్గరే ఉంటుంది. ఫీజు బాకీ పేరు చెప్పి సర్టిఫికెట్లు తొక్కిపెట్టడం చెల్లదని కోర్టులు పలుమార్లు చెప్పాయి, దానికి భయపడకండి. మీరు మాత్రం ఆ డబ్బు పోయిందనే లెక్కతోనే నిర్ణయం తీసుకోండి.

ఈ లెక్క నాన్నకు మీరు చెప్పనక్కర్లేదు, ఆయనకే తెలుసు. 2021లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు మీ వైపు మిర్చి ఏమైందో గుర్తు చేయండి. ఇంత పెట్టాం కదా అని చూస్తూ చూస్తూ ఇంకా మందులు కొట్టి అప్పుల్లో దిగినవాళ్లున్నారు. పూత మీదున్న తోటను కళ్లనీళ్లు పెట్టుకుంటూ దున్నేసి వేరే పంట వేసుకున్నవాళ్లున్నారు. ఆ ఏడాది ఆయన ఏం చేశారో నాకు తెలియదు, అడగండి. ఊళ్లో తలెత్తుకోవడం గురించైతే, ఆయన భయం నాకర్థమైంది. మీ పేరు చెప్పుకుని ఆయన ఎనిమిదేళ్లుగా రచ్చబండ దగ్గర కూర్చుంటున్నారు. "నీ కొడుకేడీ" అని అడిగితే "ఒంట్లో బాగాలేదు, తీసుకొచ్చాం" అంటే చాలు. అదే నిజం కూడా.

ఆయన్ని నిలదీయకండి. రాత్రికి రాత్రి విజయవాడ వెళ్లి, కొడుకును కొట్టకుండా తీసుకెళ్లారని మీరే రాశారు. తెలియక దింపేశారు. ఆ కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన కాలేజీ బాధ్యత తీరిపోదని మాత్రం ఆయనకు చెప్పండి. పిల్లాడు వాళ్ల గేటు లోపల ఉన్నంతకాలం వాళ్ల పూచీయే.

ఒక్క చిన్న సంగతి. మీరు ఒక్కరే నేరుగా బెంగళూరు నుంచి కాలేజీకి వెళ్లకండి. హాస్టల్ విజిటర్ కార్డు మీద అమ్మానాన్నల ఫొటోలే ఉంటాయి, అక్కనంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఒప్పుకోకపోవచ్చు, అవుట్‌పాస్ అసలే ఇవ్వరు. ముందు ఇంటికి వెళ్లి నాన్నను వెంటబెట్టుకోండి. ఆయన రానంటే అమ్మను. వెళ్లేటప్పుడు ఆ గోంగూర సీసా తీసుకెళ్లకండి, హోటల్లో వాడికి ఏం కావాలంటే అదే చెప్పండి.